తోడు మట్టి

చిరుమొగలో ఆ ఎండాకాలం గుల్లలు వాటంతట అవే పైకొచ్చాయి.

గుల్ల పైకొచ్చే రకం జీవి కాదు. జానెడు లోతు బురదలో కూరుకుని, నోరు ఇంత తెరిచి, తన మానాన తను బతుకుతుంది. నది సముద్రంలో కలిసే చోటుని ఆ వైపు మొగ అంటారు. పోటు తగ్గి నీరు తీసిన వేళ ఆడవాళ్ళు ఆ మొగలోకి దిగి, అరికాళ్ళతో బురద తడుముకుంటూ నడవాలి. కాలికి గట్టిగా తగిలిన చోట మొహం నీళ్ళకి ఆనేంతగా వంగి, చేత్తో తవ్వి తియ్యాలి. నడుములు పడిపోయే పని. అలాంటిది ఆ వారం గుల్లలన్నీ ఎవరో ఆరబోసినట్టు బురద మీదే ఉన్నాయి. వాటితో పాటు పీతలు, ఎర్ర పురుగులు, పేరైనా తెలియని సన్నసన్న జీవాలు. అడుగున కాపురమున్నవన్నీ ఇళ్ళు ఖాళీ చేసి వీధిన పడ్డాయి. తట్టలు చాలక ఆడవాళ్ళు కొంగుల్లో ఏరుకున్నారు. గంగమ్మ తల్లి కళ్ళు తెరిచిందన్నారు.

ఊరంతా సంబరంగా ఉంటే మొహం మాడ్చుకున్నది ఒక్క భ్రమరాంబే. ఆవిడ ఆ ఊరి ఆడపడుచు, సముద్రపు అడుగు మట్టి మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. పట్నంలో మత్స్య పరిశోధన కేంద్రంలో ఆవిడకో గది, ఓ ల్యాబ్, తలుపు మీద పేరు ఉన్నాయి. వదిన మంగతాయారు ఫోన్ చేసి, వచ్చి వింత చూసి పొమ్మంటే పరుగున వచ్చింది.

"చూశావా బ్రమరమ్మా!" మంగతాయారు తొడల లోతు నీళ్ళలో నిలబడి నవ్వింది. "బురదలో ఏముందో చూట్టానికేగా నువ్వంత చదువు చదివావ్. ఇయ్యాల నువ్వు దిగక్కల్లేకుండా అదే పైకొచ్చేసింది. ఇంక నీకు ఉద్దోగం ఉంటదో, ఊడద్దో!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. భ్రమరాంబ కూడా నవ్వుతూనే చెప్పులు వదిలి, చీర ఎగదోపుకుని నీళ్ళలోకి దిగింది. తల్లి పోయాక ఈ వదినే తనని పెంచింది. కాలితో గుల్ల పట్టడం నేర్పిందీ ఈ మొగలోనే. ఇక్కడి బురద ఎలా ఉంటుందో ఆవిడ అరికాళ్ళకి గుర్తు. మెత్తగా పాదాన్ని మింగి, తియ్యబోతే వదలనని కాసేపు పేచీ పెడుతుంది.

ఆ రోజు కాలు దిగలేదు. నున్నగా జారింది.

నవ్వు ఆపి వంగి చేత్తో తడిమింది. వేళ్ళ కింద తోలులాంటి పొర. గోటితో గీరి ఒక ముక్క పైకి తీసింది. కాచిన పాల మీద కట్టే మీగడలా ఉంది, కాకపోతే ఇటుకపొడి ఛాయ. ఆ ఛాయ ఆవిడకి తెలుసు. తను పుట్టించిన దాన్ని ఎక్కడ చూసినా పోల్చుకోవాలని ల్యాబ్‌లో ఏరికోరి ఆ రంగున్న జాతినే పెంచింది మరి.  అది ఉండాల్సింది తన అన్నయ్య చెరువులో. సముద్రంలో కాదు.

అన్నయ్య సింహాద్రి రొయ్యల చెరువులకి పట్టిన జబ్బు ఆ తీరంలో అందరి చెరువుల జబ్బే. రొయ్యలు తినగా మిగిలిన మేత, వాటి రెట్ట అడుక్కి దిగి కుళ్ళుతాయి. మట్టి నల్లబడుతుంది. ఆ నల్ల మట్టిలోంచి కుళ్ళిన కోడిగుడ్డు కంపుతో విషవాయువు పుడుతుంది. అడుగున తిరిగే రొయ్య దానికి నీరసించి, మేత మానేసి, ఒడ్డుకు కొట్టుకొస్తుంది. వరసగా పంటలు పోయి సింహాద్రి గట్టు మీద తల పట్టుకు కూర్చున్న రోజులు భ్రమరాంబ చూసింది. ఆ నల్ల మట్టితో ఆవిడకి సొంత పగలాంటిది పుట్టింది.

సముద్రపు అడుగున దారప్పోగుల్లాంటి సూక్ష్మజీవులుంటాయి. పోగు తల పైన నీళ్ళలో, తోక కింద బురదలో. తల ఊపిరి పీలిస్తే తోక విషం తింటుంది. భ్రమరాంబ ఆ పోగుల్ని జిగురు కార్చే మరో జాతితో జత కట్టించి, చాపలా అల్లుకునేట్టు పెంచింది. ఏళ్ళు పట్టింది. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరొకటి పెట్టారు. పరీక్ష కోసం అనుమతి తీసుకుని సింహాద్రి చెరువుల్లో ఒకదానిలో వేసినప్పుడు, మంగతాయారు అడుగున చెయ్యి పెట్టి చూసి, "మీగడ కట్టిందే!" అంది. ఆ పేరే నిలిచింది.

మీగడ కట్టిన చెరువులో కంపు పోయింది. రొయ్య చెంగుచెంగున ఎగిరింది. సింహాద్రి కూతురు హంసవేణి పెళ్ళి ఆ పంటతోనే జరిగింది. పెళ్ళీ పెటాకులూ లేకుండా ల్యాబ్‌ని కట్టుకున్న భ్రమరాంబకి ఆ పిల్ల అంటే ప్రాణం. ఎత్తుకుని పెంచిన పిల్ల అత్తారింటికి పోతుంటే, ఉపన్యాసాల్లో ఎప్పుడూ తడబడని మనిషి, పందిట్లో అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చింది.

ఇంటికొచ్చాక వదినని పెరట్లోకి పిలిచింది. "వదినా, నిజం చెప్పు. చెరువు నీళ్ళు కాలవలోకి వదిలారా? నేను ముందే చెప్పానుగా, వదిలే ముందు బ్లీచింగ్ మందు కొట్టాలని."

"మీ అన్న నీ మాట జవదాటతాడా? కొట్టాకే వదిలాడు."

"మరి మొగలోకి ఎలా వచ్చింది?"

మంగతాయారు కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ, అదేం పెద్ద సంగతి కానట్టే చెప్పింది. "మా చెరువులోంచే వచ్చిందని ఏటి? అందరి చెరువుల్లోనూ ఉందిగా."

"అందరి చెరువుల్లోనా?"

"తోడడిగారు. ఇచ్చాను."

భ్రమరాంబ అరుగు మీద కూలబడింది. చిరుమొగలో ఉన్న అలవాటే అది. పాలల్లోకి తోడడిగితే ఏ ఇల్లాలూ లేదనదు. అక్కడ చెరువుకీ అంతే. ఒకరి చెరువు బాగా పండితే, పక్కవాళ్ళు చెంబు పట్టుకొచ్చి ఇంటి ఇల్లాలిని తోడడుగుతారు. ఆవిడ చెరువులోంచి చెంబుడు మట్టి తీసి, దీపాలు పెట్టక ముందే చేతికిస్తుంది. అది కలుపుకుంటే వాళ్ళ నీరూ కుదురుకుంటుందని నమ్మకం. లేదని పంపితే, ఆ ఇంటికే అరిష్టం. తన చిన్నప్పుడు అమ్మ ఇవ్వడం భ్రమరాంబ కళ్ళారా చూసింది. అయినా, అనుమతుల కోసం రాసిన అన్నేసి పేజీల్లో గాలి, వరద, పక్షుల కాళ్ళు, తూము గండ్లు అన్నీ తలుచుకుంది గానీ ఈ చెంబు మాత్రం తట్టలేదు. పుట్టింటి చెంబు ఎవరికి మాత్రం ప్రమాదంలా కనిపిస్తుంది?

"ఎవరికీ ఇవ్వొద్దని నీకు వెయ్యిసార్లు చెప్పాను వదినా!"

"చెప్పావ్. గుమ్మంలో నిలబడి చెంబు చాపితే ఎట్టా లేదనేది? వాళ్ళ పిల్లలూ మన పిల్లల్లాంటోళ్ళే కదా. మనం ఒక్కళ్ళవే తిని, ఊరంతా ఏడుత్తా ఉంటే నీకు బాగుంటదా?"

"ఎవరూ మందు కొట్టకుండా నీళ్ళు వదిలేశారు. అది కాలవ పట్టుకుని మొగలోకి పోయింది. ఊళ్ళోవాళ్ళకి కాక ఇంకెవరికైనా ఇచ్చావా?"

మంగతాయారు చప్పున తలదించుకుంది. "లేదు" అంది. మందలించానని చిన్నబుచ్చుకుందనుకుంది భ్రమరాంబ. ఆవిడ గొంతులో వినిపించింది సిగ్గు కాదు, భయమని అప్పుడు తెలియలేదు.

మొగ అడుగు నుంచి ఒక గాజు గొట్టంలో మట్టి తీసుకుని, పైన మీగడ చెదరకుండా మూత బిగించి, ఆవిడ పట్నం బయల్దేరింది. దారిలో హంసవేణి ఫోన్ చేసింది. అత్తవారిది మెరకదిన్నె, దక్షిణాన చాలా దూరంలో ఉన్న మరో తీరం. అక్కడా చెరువులు, మొగ, గుల్లలే బతుకు.

"అత్తా, నాకు ఏ వాసనా పడట్లేదే. పోపు పెడితే కక్కు. చేపల కూరైతే ఇంట్లో ఉండలేకపోతన్నా. మా ఆయన తలకి నూనె రాసుకున్నా సరే, అవతలకి పొమ్మంటన్నా."

"అదృష్టవంతుడు, ఆ నెపాన నీ నోటి నుంచి తప్పించుకు తిరుగుతున్నాడు. వేవిళ్ళు నెలా రెండు నెలలే. నిమ్మకాయ దగ్గర పెట్టుకో."

"నువ్వెప్పుడొత్తావ్?"

"ఈ పని తెమలగానే వస్తానే అమ్మలూ."

గొట్టం ఒళ్ళో పెట్టుకుని మాట్లాడుతోంది. ఆ పిల్ల గొంతు వింటే ఎంతటి దిగులైనా కాస్త పలచబడుతుంది.

ల్యాబ్‌లో గొట్టం మూత తీసి గాజు తొట్టిలో నిలబెట్టి, గాలి బుడగలు ఊదే పంకా పెట్టింది. మీగడ హాయిగా ఉంది. దాని కింద విషం జాడ లేదు. మీటరు సున్నా చూపించింది. ఏళ్ళ తరబడి చూస్తున్న సున్నానే అది. ఆ సున్నాని చూసే పెద్దలు భుజం తట్టారు. భ్రమరాంబ చూపు మీటరు మీంచి పంకా మీదకి పోయింది. చెరువులో నీళ్ళకి గాలి కలిపే పంకాలుంటాయి. మరి సముద్రంలో ఎవరు పెట్టారు?

ఆక్వా జనానికి పంకా ఆగడమంటే చావు కబురే. కరెంటు పోతే జనరేటరు, అది మొరాయిస్తే ఇంకో జనరేటరు. ల్యాబ్‌లోనూ అదే మడి. ఆ నీళ్ళలో పుట్టి పెరిగిన మనిషి కనుక, మీగడ మీద చేసిన ఇన్ని పరీక్షల్లో ఏ ఒక్కనాడూ ఆవిడ చెయ్యి ఆ స్విచ్చు మీదకి పోలేదు. చంటిపిల్ల ముక్కు మూసి చూడాలని ఏ తల్లికీ తోచనట్టే తోచలేదు.

స్విచ్చు ఆపింది.

మొదట్లో ఏమీ జరగలేదు. మర్నాటికి నీళ్ళలో ఊపిరి తగ్గిపోయింది. పోగులు విషం తినడం మానేశాయి. జిగురు కార్చే జాతి మాత్రం మానలేదు. దానికి ఊపిరితో పని లేదు. అది కారుస్తూనే పోయింది. మీగడ మందమై, తోలై, గొట్టం అంచుల్ని పట్టుకుని బిగుసుకుంది. దాని కింద మట్టి నల్లబడింది. అందులో ఉన్న ఒక్క పురుగు పైకి రావాలని పొర కింద అటూ ఇటూ కొట్టుకుని, దారి దొరక్క, చుట్టుకుని పడి ఉంది. మొగలో గుల్లలు ఎందుకు పైకొచ్చాయో భ్రమరాంబకి అర్థమైంది. తలుపు మూసుకోకముందే పారిపోయి వచ్చాయవి. రాలేనివి కిందే ఉన్నాయి. కింద కుళ్ళుతున్నది అవే.

మీగడ మధ్యలో కొద్దిగా పొంగింది, కాగే పాల మీద పొర లేచినట్టు. ఆవిడ వంగి చూస్తుండగానే చిట్లింది.

గుప్పున కోడిగుడ్డు కంపు. భ్రమరాంబ ముక్కు చిట్లించి, రాసుకోవడానికి పెన్ను తీసుకుంది. నాలుగు అక్షరాలు రాసేసరికి కంపు పోయింది. గాలి తేటపడిందనుకుని ఇంకా దగ్గరకి వంగింది. అంతలో ఎవరో రెక్క పట్టుకుని బరబరా వరండాలోకి లాక్కొచ్చారు. డైరెక్టర్ శేషఫణి. ఎప్పుడూ గొంతు పెంచని పెద్దమనిషి, వణికిపోతూ అరుస్తున్నాడు.

"గుమ్మంలోకే కొడుతోంది కంపు! నీకు తెలియట్లేదా?"

"ఇప్పుడు లేదు సార్, పోయింది."

"వాసన పోయిందంటే గాలి బాగుపడిందని కాదమ్మా. ముక్కు చచ్చిందని. ముందు అది చస్తుంది, తర్వాత మనం." ఆయన గోడకి ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. "వాసన వస్తున్నంతసేపు పరిగెత్తొచ్చు. రావడం మానేస్తే పరిగెత్తడానికి కూడా టైము ఉండదు."

 గొట్టంలో ఉన్న పిసరు మట్టిలో పుట్టింది ఇంత. మొగ నిండా ఎంత?

విషయమంతా విన్నాక శేషఫణి మంచివాళ్ళు చేసే పనే చేశాడు. ఇంకోసారి పరీక్ష చేద్దామన్నాడు, పైవాళ్ళకి రాస్తానన్నాడు, అప్పటిదాకా ఊళ్ళో గగ్గోలు పెట్టవద్దన్నాడు. ఒక్క గొట్టంలో చూసింది సాక్ష్యం కాదన్నాడు. అందులో తప్పేమీ లేదు. భ్రమరాంబ సరే సార్ అని తలూపి, తిన్నగా బస్టాండుకి నడిచింది.

చిరుమొగలో ఆవిడ మాట ఎవరూ వినలేదు. వినకపోవడం కూడా న్యాయంగానే ఉంది. గట్టు మీద చేరిన రైతుల మధ్య సింహాద్రి నిలబడ్డాడు. నీళ్ళలో పంకాలు తెల్లటి నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి.

"చెరువులన్నిట్లో బ్లీచింగ్ కొట్టమంటావ్" అన్నాడు సింహాద్రి.

"కొట్టాలి అన్నయ్యా. చుక్క నీరు కాలవలోకి పోకూడదు. ఆ తర్వాత ఎండగట్టాలి."

"రొయ్యో?"

భ్రమరాంబ తిరుగుతున్న పంకాల వైపు చూపు తిప్పుకుంది.

"పట్టుబడికి వచ్చిన రొయ్య బ్రమరా. నీ మాట మీద వేశాం. ఊరోళ్ళు మా మొహం చూసి వేసుకున్నారు. ఇప్పుడు నీ మాట మీదే చంపుకోమంటన్నావ్." సింహాద్రి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "మా చెరువులో ఏ కంపూ లేదు కదే. నీ మిషనే చెప్పింది కదా, విషం లేదని."

"పంకా తిరిగినంతసేపు లేదు. మొగలో పంకా లేదు."

"అయితే మొగకి మందెయ్యి. మా చెరువుల జోలికి రాకు."

సముద్రానికి మందెలా వేస్తారు?  రైతులు ఒక్కొక్కరే లేచి, ఎవరి చెరువు వైపు వాళ్ళు వెళ్ళిపోయారు. కనీసం ఆడవాళ్ళు మొగలోకి దిగకుండా చూడమని అన్నయ్యని బతిమాలింది. "చెప్తాను, వింటే" అన్నాడు.

వినలేదు. ఏరుకోవడానికే తప్ప తవ్వే పని లేని సీజను ఏ ఆడమనిషి వదులుకుంటుంది? మర్నాడు మధ్యాహ్నం నీరు తీసేవేళకి తట్టలతో అందరూ దిగారు. ముందు వరసలో మంగతాయారు. భ్రమరాంబ ఒడ్డున నిలబడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. "ఎండదెబ్బ తగిలిందేమో, నీడకి పోవే" అని ఎవరో మేలమాడారు.

అప్పటిదాకా వీస్తున్న గాలి ఆగిపోయింది. మొగ మీద అల కదలడం లేదు. అవతలి ఒడ్డున మడచెట్ల ఆకు కూడా ఊగడం లేదు. భ్రమరాంబ చూస్తుండగా నీటి మధ్య ఒకచోట బురద ఛాయ మెల్లగా పైకి లేచింది. దాని పక్కన ఇంకోటి. అడుగున మీగడ పొంగుతోంది.

ముందు కొంగలు పడ్డాయి. పల్లం చూసి వాలిన తెల్లకొంగలు మూడు నాలుగు ఎగరబోయి, ఎగరలేక, నీళ్ళ మీద వాలిపోయాయి. తల వంచుకుని ఏరుకుంటున్న ఆడవాళ్ళు చూడలేదు. ఆ వాయువు గాలి కన్నా బరువు. నీటి మీద పాకుతుంది. వాళ్ళందరి మొహాలూ నీటి మీదే ఉన్నాయి. నిలబడి చేసే పని కాదది, వంగి చేసే పని.

పాము అని అరిస్తే నవ్వుతారు. విషం అంటే రెండు రోజులుగా వింటూనే ఉన్నారు. ఆ ఊళ్ళో అందరూ వినే కేక ఒక్కటే ఉంది. దాన్ని అబద్ధంగా ఎవరూ ఎప్పుడూ వెయ్యరు, తాగినవాడు కూడా వెయ్యడు. చిన్నప్పుడు ఆటకి వేసినందుకు ఒక పిల్లకి తల్లి వాత పెట్టడం భ్రమరాంబకి గుర్తుంది. ఆవిడ కొంగు తీసి తల మీద తిప్పుతూ, ఉన్న ఊపిరంతా గొంతులోకి తెచ్చుకుని కేకేసింది.

"పడవ తిరగబడిందేవ్! సముద్రంలో మన పడవ తిరగబడిందేవ్!"

తట్టలు నీళ్ళలో పడ్డాయి. అయ్యో అన్న అరుపు ఒక్కసారి లేచింది. ప్రతి ఆడదీ తన మొగుణ్ణో కొడుకునో తలుచుకుని, పేరు పెట్టి అరుస్తూ, నీళ్ళు చిమ్ముకుంటూ ఒడ్డుకి పరిగెత్తింది. నడుములు నిటారుగా లేచాయి. అది చాలు. మంగతాయారు అందరికన్నా లోపల ఉంది. సగం దూరం వచ్చి, కాళ్ళు అల్లుకుపోయి తూలింది. భ్రమరాంబ ఊపిరి బిగబట్టి నీళ్ళలోకి దూకి, జబ్బ పట్టుకుని ఈడ్చుకొచ్చి ఇసుకలో పడేసింది. సింహాద్రి, చెరువుల కాడి రైతులు కేక విని పరిగెత్తుకొచ్చారు.

అబద్ధమని తెలిశాక ఆడవాళ్ళు భ్రమరాంబ మీద విరుచుకుపడ్డారు. ఒకావిడ చెంప మీద కొట్టింది కూడా. దెబ్బ తిని ఆవిడ మొగ వైపు చెయ్యి చూపించింది. అందరూ తిరిగి చూశారు. నీటి మీద కొంగలు తెల్లగా తేలుతున్నాయి. పీతలు వెల్లకిలా పడి ఉన్నాయి. గుల్లలన్నీ నోళ్ళు తెరిచేశాయి. కంపు ఇప్పుడు ఒడ్డుకి కూడా కొట్టింది. కొట్టిన ఆవిడ అక్కడే కూర్చుని, మొహం కప్పుకుని ఏడ్చింది.

సింహాద్రి నీటి మీది కొంగల్ని చూశాడు. తర్వాత రైతుల వైపు తిరిగాడు. "బ్లీచింగ్ బస్తాలు తెప్పించండి. మొదట నా చెరువులోనే కొడదాం" అని చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా గట్టు వైపు నడిచాడు. ఈసారి ఎవరూ ఎదురు చెప్పలేదు.

భ్రమరాంబకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. చెరువులు చస్తాయి, మొగ ఎన్నాళ్ళకి కోలుకుంటుందో తెలియదు. మనుషులు మాత్రం అందరూ ఒడ్డున ఉన్నారు. మీగడ చిరుమొగ దాటి పోలేదు. మంగతాయారు తల ఒళ్ళోకి తీసుకుని, మొహం మీద నీళ్ళు చల్లింది.

మంగతాయారు దగ్గి దగ్గి కళ్ళు తెరిచింది. "ముందు కంపు కొట్టింది బ్రమరమ్మా. తర్వాత పోయింది. పోయిందిలే అనుకుని ఇంకాస్త లోపలికెళ్ళాను."

"ఇంకేం భయం లేదు వదినా. అయిపోయింది."

మంగతాయారు తల అడ్డంగా తిప్పింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. భ్రమరాంబ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీకో మాట చెప్పలేదు. తిడతావని చెప్పలేదు. అల్లుడి చెరువులు కూడా మనలాగే పోతన్నాయన్నారు. పిల్ల అడుగెట్టాక పంట పోయిందంటే, అత్తారు దాన్నేగా అంటారు... సారెలో కావిళ్ళు సర్దేటప్పుడు పెట్టాను. లడ్డూల బుట్ట కింద. మూత బిగించి, పసుపు రాసి."

"ఏం పెట్టావ్?"

"తోడు మట్టి."

 భ్రమరాంబ రవికె లోంచి ఫోన్ తీసి హంసవేణి నెంబరు నొక్కింది. అవతల మోగుతోంది. మోగుతోంది. ఎత్తింది.

"అత్తా! నూరేళ్ళు నీకు. ఇప్పుడే నిన్ను తలుచుకున్నా." హంసవేణి గొంతు ఉత్సాహంగా ఉంది. దాని వెనక నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు. "మా ఊరు ఇప్పుడు నువ్వు చూడాలే. గుల్లలు వాటంతట అవే పైకొచ్చేత్తన్నాయి. మా అత్తగారు వద్దంది గానీ, తవ్వేదేం లేదుగా, ఊరికే ఏరుకోడమే కదా అని నేనూ దిగాను. ఫోన్ కవర్లో పెట్టి మెళ్ళో ఏసుకున్నాలే, తడవదు."

"అమ్మలూ, విను. నిటారుగా నిలబడు. వంగకు. ఒడ్డుకి పరిగెత్తు. ఇప్పుడే! అందర్నీ రమ్మని కేకెయ్యి!"

"ఎందుకే? ఏమైంది?"

"ఏదైనా కంపు కొడుతోందా నీకు?"

 నీళ్ళ చప్పుడు మాత్రం వినిపించింది. వెనక నవ్వులు వినిపించడం లేదు.

"ఇందాక కొట్టింది అత్తా, కుళ్ళిన గుడ్డు కంపు. కడుపులో తిప్పేసింది." హంసవేణి గొంతు నెమ్మదించింది, నిద్రలోకి జారుతున్న పిల్ల గొంతులా ఉంది. "ఇప్పుడేం లేదు. ఇన్నాళ్ళకి ఏ వాసనా రావట్లేదు. హాయిగా ఉంది."